దయ్యం భంగిమ — నా అభ్యంతరం

(ఒక తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికలో వరకట్నం మీద, నిరుద్యోగం మీద, పరీక్షా విధానం మీద వ్యాసాలుంటాయి. ఉండాలి కూడా. వాటి మధ్యన జపాను కత్తియుద్ధం వీడియోగేము మీద వ్యాసమేమిటయ్యా అని సంపాదకవర్గంలోనే ఒకాయన అడిగారు. నా జవాబు ఇది. రాత్రి పదకొండు దాటాక మన హాస్టల్లో ఎన్ని గదుల్లో ఏ పుస్తకం తెరిచి ఉంటుందో నేను చెప్పలేను గాని, ఎన్ని గదుల్లో ఏ గేము నడుస్తూంటుందో మాత్రం వరండాలో నడుస్తూ చెప్పగలను. రోజుకి రెండు మూడు గంటలు చేసే పనిని గురించి ఏడాదికి ఒక్కసారైనా ఆలోచించకపోతే ఎట్లా?

అధ్యాపకులు కొందరు ఈ వ్యాసం శీర్షిక చూసి పేజీ తిప్పేస్తారని తెలుసు. వారికొక మనవి. గేములు మంచివా చెడ్డవా అన్న పాత తగాదాలోకి నేను దిగటం లేదు. ఒక గేములోని ఒక్క భంగిమను గురించి మాత్రమే నా ఫిర్యాదు. మిగతా గేమంతా నాకు ఇష్టమే. ఇష్టం కాబట్టే ఫిర్యాదు.

ఆ గేము పేరు ‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా’. అమెరికాలోని సక్కర్ పంచ్ అనే సంస్థ తయారుచేసింది. 2020 జూలైలో ప్లేస్టేషన్ 4 మీద వచ్చింది. 2024 మేలో కంప్యూటరు మీదికి కూడా రావటంతో మనలాంటి వాళ్లకి అందింది. త్సుషిమా అన్నది కొరియాకీ జపానులోని క్యూషూకీ మధ్య సముద్రంలో ఉన్న నిజమైన దీవి. 1274లో కుబ్లయ్ ఖాన్ పంపిన మంగోలు నౌకాదళం కొరియా నుంచి బయల్దేరి మొట్టమొదట దిగింది ఆ దీవి మీదే. కొమోదా తీరంలో వాళ్లకి ఎదురు నిలిచినవాడు సో సుకెకుని అనే దీవి అధికారి. ఎనభై మంది రౌతులతో వెళ్లి, అంత పెద్ద సైన్యంతో తలపడి, చచ్చిపోయాడు. ఇది చరిత్ర.

గేము ఆ ఎనభై మందిని తీసుకుని మిగతాది కల్పించుకుంది. కల్పిత కథలో జిన్ సకాయ్ అనే కుర్ర సమురాయ్, అతన్ని పెంచి కత్తి నేర్పిన మేనమామ షిమురా ప్రభువు, ఎదటివైపు ఖోతున్ ఖాన్ ఉంటారు. తీరం మీద అందరూ చచ్చిపోగా జిన్ ఒక్కడు బతికి బయటపడతాడు. షిమురా బందీ అవుతాడు. ఇక జిన్ దీవిని విడిపించాలి. నేర్చుకున్న పద్ధతిలో ఎదురుగా నిలబడి పోరాడితే గెలవలేనని అతనికి తొందరలోనే అర్థమవుతుంది. అక్కణ్ణుంచి గడ్డిలో దాక్కుంటాడు, వెనకనించి పొడుస్తాడు, పొగ వేస్తాడు, విషం పెడతాడు. జనం అతన్ని దయ్యం అంటారు. మేనమామ వద్దంటాడు. కథంతా ఈ ఇద్దరి మధ్య జగడమే.

ఇప్పుడు భంగిమల సంగతికి వస్తాను.

భంగిమ అంటే ఫొటోకి నిలబడటం కాదు. భౌతికశాస్త్రం చదివేవాడికి దీన్ని చెప్పటం తేలిక. నిలబడ్డ మనిషి గరిమనాభి నుంచి కిందికి గీసిన నిట్టనిలువు గీత అతని రెండు పాదాల మధ్య చోటులో పడినంతసేపూ మనిషి పడడు. మోకాళ్లు వంచితే గరిమనాభి కిందికి దిగుతుంది, కాళ్లు ఎడం చేస్తే చోటు పెరుగుతుంది, మనిషి గట్టిపడతాడు. కాని అట్లా మరీ గట్టిపడ్డవాడు కదల్లేడు! కత్తిసాము చేసేవాడికి గట్టితనమూ కావాలి, కదలికా కావాలి. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. కిలో పైచిలుకు బరువుండే కత్తిని తలమీదకెత్తి పట్టుకుంటే కిందికి వేటు వేగంగా పడుతుంది, కాని పొట్ట ఖాళీగా ఉంటుంది. కత్తిమొనను శత్రువు గొంతుకి గురిపెట్టి నడుముకి ఎదురుగా పట్టుకుంటే రక్షణ బాగుంటుంది, వేటు చిన్నదవుతుంది. అంచేత భంగిమ అన్నది ఒక బేరం. ఎదటివాణ్ణి చూసుకుని, ఎంత వదులుకోవాలో ఎంత ఉంచుకోవాలో తేల్చుకోవటం.

మా ఇంట్లో ఈ మాట ఎవరికీ పాఠంగా చెప్పనక్కర్లేదు. గడ్డపలుగుతో గుంట తవ్వేవాడు నిలబడ్డట్టు కళ్లంలో తూర్పారబట్టేవాడు నిలబడడు. తూర్పారబట్టేవాడు ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుంటాడు, ఆ తర్వాతే కాళ్లు ఎక్కడ పెట్టాలో చూసుకుంటాడు. పత్తి చేనుకి మందు కొట్టేవాడూ అంతే. గాలికి ఎదురు నిలబడ్డాడా, మందంతా వాడి మొహానే. మా ఊళ్లో పీర్ల పండగకి కర్రసాము నేర్పే పెద్దాయన మొదటి పదిరోజులూ కుర్రాళ్ల చేతికి కర్రే ఇవ్వడు. అడుగులు వేయిస్తాడు. విసుగొచ్చి సగంమంది మానేస్తారు.

మన పూర్వులు కూడా దీన్ని వదిలిపెట్టలేదు. అమరకోశంలో విలుకాడి నిలకడలకి ఆలీఢం, ప్రత్యాలీఢం మొదలుగా అయిదు స్థానాలు చెప్పారు. జపానువాళ్ల కెండోలోనూ భంగిమలు అయిదే కావటం నాకు సరదాగా అనిపించింది. జోదాన్ ఎత్తు, చూదాన్ నడిమి, గెదాన్ పల్లం. హస్సో అంటే కత్తి భుజం పక్కన నిలువుగా. వాకి అంటే కత్తిని ఒంటి వెనక దాచి పట్టటం. వీటికి నిప్పు, నీరు, మట్టి, చెట్టు, లోహం అనే పేర్లు కూడా ఉన్నాయి. మన పంచభూతాల లెక్క కాదు, చైనా వాళ్ల అయిదు మూలకాల లెక్క.

గేములో సాధారణ భంగిమలు నాలుగు. రాతి భంగిమ కత్తివాళ్ల మీదికి, నీటి భంగిమ డాలువాళ్ల మీదికి, గాలి భంగిమ ఈటెవాళ్ల మీదికి, చంద్ర భంగిమ గండ్రగొడ్డళ్లు పట్టుకొచ్చే లావుపాటి వాళ్ల మీదికి. ఆర్‌2 మీట నొక్కిపట్టి నాలుగు గుండీల్లో ఒకటి నొక్కితే జిన్ కాళ్లూ చేతులూ కొత్త తీరులోకి మారతాయి. రాతి భంగిమలో పొడుపులెక్కువ. నీటి భంగిమలో దెబ్బ మీద దెబ్బ అలల్లాగా వచ్చి డాలును తెరుస్తుంది. ఈటెవాడు దూరం నుంచి పొడుస్తాడు గనక వాణ్ణి తన్ని దూరాన్ని చెరిపెయ్యటానికి గాలి భంగిమలో కాలు పనిచేస్తుంది. లావువాడి జడత్వాన్ని ఎదిరించలేక గిర్రున తిరిగి ఆ తిరుగుడులోని ఊపుని కత్తిలోకి తెచ్చుకోవటం చంద్ర భంగిమ. శాస్త్రం ప్రకారం అన్నీ ఒప్పేనా అంటే కాదు గాని, ఆలోచన మాత్రం శాస్త్రీయమైనదే. నలుగురు నాలుగు రకాల ఆయుధాలతో చుట్టుముడితే ఎవడు ముందు దెబ్బ తీస్తాడో చూసి, వాడికి తగ్గట్టు మారి, వాడు పడగానే ఇంకొకడికి తగ్గట్టు మారాలి. మొదటి వారం నా చేతివేళ్లు మాట వినలేదు. తర్వాత తర్వాత అది ఎక్కాలు చెప్పినట్టు వచ్చేసింది.

నాకు వీటన్నిటికంటే నచ్చింది, వాటిని నేర్చుకునే పద్ధతి. రాతి భంగిమ జిన్‌కి ముందే వచ్చు. మిగతా మూడూ రావాలంటే మంగోలు దండు నాయకుల్ని ఓడించాలి. లేదా, ఇదే అసలు విషయం, నాయకుడు సాధన చేస్తూంటే పొదలో కూర్చుని చూడాలి. చంపకముందు చూస్తే నేర్చుకోవటం త్వరగా అవుతుంది! శత్రువు దగ్గర కూడా నేర్చుకోవలసింది ఉంది, వాడు ఎట్లా నిలబడతాడో ఓపిగ్గా చూడు అని చెప్పే గేములు నాకు ఎక్కువగా తగల్లేదు. 2017లో వచ్చిన ‘నియో’ అనే గేములో కూడా ఎత్తు, నడిమి, పల్లం అని మూడు భంగిమలున్నాయి గాని అక్కడ అవి నీ సత్తువ లెక్కలు. ఇక్కడ అవి ఎదటివాడి లెక్కలు.

చరిత్ర విద్యార్థులు ఇక్కడ నన్ను పట్టుకుంటారు. 1274లో సమురాయ్ ప్రధానంగా విలుకాడు, గుర్రం మీది విలుకాడు. వాళ్ల విద్యకి ఆనాటి పేరే ‘విల్లూ గుర్రమూ దారి’. ఆనాటి పొడుగు కత్తిని తాచి అంటారు, అంచు కిందికి ఉండేట్టు నడుముకి వేలాడదీసుకునేవారు. పేర్లు పెట్టి భంగిమలు నేర్పే కత్తి సంప్రదాయాలు బాగా తర్వాతి మాట. కతోరి షింతో సంప్రదాయం పదిహేనో శతాబ్దంలోది. ఆ యుద్ధంలో స్వయంగా పోరాడిన తకెజకి సుయెనగ తన పరాక్రమాన్ని బొమ్మల చుట్టగా వేయించుకున్నాడు. అది ఇప్పటికీ ఉంది. అందులో అతను గుర్రం మీద ఉంటాడు, మీద బాణాలు పడుతూంటాయి, పక్కన మంగోలు బాంబు పేలుతూంటుంది. అంటే గేములోని భంగిమలు పదమూడో శతాబ్దానివి కావు. వాటి పుట్టిల్లు కొంత తర్వాతికాలపు కత్తి గురువులు, కొంత కురొసావా సినిమాలు. గేములో తెరంతా నలుపు తెలుపు చేసే ఏర్పాటుకి కురొసావా పేరే పెట్టుకున్నారు. దాపరికం ఏమీ లేదు. నాకూ అందులో అభ్యంతరం లేదు. మన పౌరాణిక సినిమాల్లో కిరీటాలు మహాభారత కాలం నాటివేనా?

కత్తి గురువుల ప్రసక్తి వచ్చింది గనక మియమోతో ముసాషి గురించి ఒక మాట. 1645లో చనిపోయేముందు కుమమోతో దగ్గర ఒక గుహలో కూర్చుని అయిదు భాగాల పుస్తకం రాసినవాడు. భూమి, నీరు, నిప్పు, గాలి, శూన్యం అని వాటి పేర్లు. నీటి భాగంలో అయిదు భంగిమలు చెప్పి, నడిమి భంగిమే వాటిలో ప్రధానమని అన్నాడు. ఆ వెంటనే, భంగిమ ఉన్నట్టే ఉండాలి, లేనట్టే ఉండాలి అనే అర్థంలో ఇంకో మెలిక పెట్టాడు. గాలి భాగం మొత్తం ఇతర సంప్రదాయాల మీద విమర్శ. భంగిమనే పట్టుకుని వేళ్లాడేవాళ్లని అందులో చెడామడా వాయించాడు. అంచేత ఈటెవాడికి ఇది, డాలువాడికి ఇది అని గేము కట్టిన పట్టికను ముసాషి చూస్తే మెచ్చుకునేవాడు కాడేమో! గైడులో ప్రశ్నకి ఎదురుగా జవాబు ఉన్నట్టుందే అనేవాడేమో. ఆ నిందకు మన పరీక్షలు కూడా తగినవే గనక దాన్ని ఇంతటితో వదిలేస్తాను.

ఇక అయిదోది. దయ్యం భంగిమ.

ఇది కథ మధ్యలో, యరికవ అనే కోట ముట్టడిలో వస్తుంది. జిన్ అక్కడ తెముగె అనే మంగోలు సేనాని తల నరికి, ఆ తలని సైన్యమంతా చూసేట్టు చేస్తాడు. శత్రుసైనికులు బెదిరి పరుగులు తీస్తారు. అప్పణ్ణుంచి ఆ బెదురు మన చేతికి ఒక భంగిమగా వస్తుంది. దెబ్బ తినకుండా వరసగా ఏడుగుర్ని చంపినా, ఒక నాయకుణ్ణి దాక్కుని చంపినా ఆ అవకాశం వస్తుంది. కంట్రోలరు మీది రెండు పుల్లల్నీ ఒకేసారి లోపలికి నొక్కాలి. తెర రంగులు పోయి నలుపు తెలుపవుతుంది, నెత్తురు మాత్రం ఎర్రగా ఉంటుంది. శత్రువులు వణుకుతూ వెనక్కి పడతారు. ముగ్గుర్ని ఒక్కొక్క వేటుతో చంపొచ్చు. డాలు ఉన్నా, ఈటె ఉన్నా, లావుగా ఉన్నా ఒకటే.

మా గదిలో ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా పక్క గదులవాళ్లు కూడా వచ్చి నిలబడి చూస్తారు. ఈలలు వేస్తారు. నేనూ వేశాను. అంత బాగా తీశారు దాన్ని. నా అభ్యంతరం కూడా అక్కడే మొదలవుతుంది.

ముందు ఎదటిపక్షం వాదం చెప్పాలి, ఎందుకంటే అది చిన్న వాదమేమీ కాదు. నా మిత్రుడొకడు, రసాయనశాస్త్రం వాడు, ఇట్లా అంటాడు: “ఒరే, వచ్చినవాళ్లెవరు? ఊళ్లు తగలబెట్టినవాళ్లు. తీరం మీద ఆ అదాచి ప్రభువు మర్యాదగా ముందుకొచ్చి ద్వంద్వయుద్ధానికి పిలిస్తే ఖాన్ ఏం చేశాడు? ఒంటిమీద సారా పోసి నిప్పంటించాడు. అట్లాంటివాడి ముందు మర్యాదగా నిలబడి చావమంటావా? షిమురా మాట విని వెళ్లినవాళ్లంతా చచ్చారు కదా! పరువు గురించి మాట్లాడేది కోటల్లో ఉండేవాళ్లు. ఊళ్లో ఉండే రైతుకి కావలసింది మంగోలువాడు పోవటం. ఎట్లా పోతే ఏం?” రైతు కొడుకునై ఉండి నేను షిమురా పక్షం మాట్లాడటం వాడికి వింతగా ఉంది.

వాడు చెప్పినదాంట్లో చాలాభాగం నేను ఒప్పుకుంటాను. షిమురా పక్షం కూడా కాదు నేను. ఎదురుగా నిలబడి పేరు చెప్పుకుని పోరాడటం అనేది ఇద్దరూ పాటిస్తేనే నీతి. ఒక్కడే పాటిస్తే ఆత్మహత్య. గడ్డిలో దాక్కుని పొడవటం మీద నాకు అభ్యంతరం లేదు. అది బలహీనుడి తెలివి. మన భారతంలో అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్లని చంపినందుకు శాపం తిన్నాడు, నిజమే. కాని అశ్వత్థామ ఇల్లు ఎవరూ తగలబెట్టలేదు, అతను యుద్ధం ఓడిపోయాక పగతో వెళ్లినవాడు. జిన్ సంగతి వేరు.

అయితే దాక్కోవటం వేరు, భయపెట్టటం వేరు. ఈ రెండింటినీ గేము ఒకే మూటలో కట్టేసింది. నేను విప్పమంటున్నాను.

ఒక్కసారి తీరం మీది దృశ్యాన్నీ, యరికవ దృశ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తీరం మీద ఖాన్ ఒక మనిషిని అందరూ చూస్తూండగా తగలబెట్టి తల నరుకుతాడు. ఎందుకు? మిగతావాళ్లు బెదరాలని. యరికవలో జిన్ ఒక మనిషి తల అందరూ చూస్తూండగా నరుకుతాడు. ఎందుకు? మిగతావాళ్లు బెదరాలని. చరిత్రలో మంగోలుల పెద్ద ఆయుధాల్లో విల్లు ఒకటైతే భయం ఇంకొకటి. ఎదురు తిరిగిన ఒక పట్టణాన్ని నేలమట్టం చేస్తే దాని వార్త విని పక్క పట్టణాలు తలుపులు తీసేవి. అంటే జిన్ మంగోలు నాయకుల్ని పొదలోంచి చూసి మూడు భంగిమలు సాధించాడు గదా, ఈ అయిదో భంగిమ కూడా మంగోలుల దగ్గర నేర్చుకున్నదే. కాకపోతే దీన్ని నేర్చుకున్నానని అతనికి తెలీదు. ఆడేవాడికీ తెలీదు. తెలియజెప్పే గీత ఏదీ తెరమీద నిండదు.

రెండో సంగతి, నాకు ముఖ్యమైనది. మొదటి నాలుగు భంగిమల్లోనూ మనం శత్రువుని చూడాలి. వాడి చేతిలో ఏముంది, వాడి బరువు ఎటుంది, ఎప్పుడు కదులుతాడు అని. దయ్యం భంగిమలో చూడక్కర్లేదు. అందరూ ఒకటే. డాలువాడు, ఈటెవాడు అన్న తేడా పోయి ‘వణికేవాళ్లు’ అనే ఒకే జాతి మిగులుతుంది. ఇంతసేపూ మెదడుకి పని చెప్పిన గేము అక్కడ మెదడుని సెలవు మీద పంపిస్తుంది. పైగా దాన్ని బహుమానం అంటుంది! సాధన చేసి చేసి మనం సంపాదించుకున్న బహుమానం ఏమిటంటే, ఇక సాధన అక్కర్లేకపోవటం.

మూడోది, కథకీ గుండీకీ మధ్య ఉన్న పేచీ. ఈ గేము కథ రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. షిమురా కోటలో జిన్ మంగోలువాళ్లు తాగే గుర్రప్పాల సారాలో విషం కలుపుతాడు. కోట సులువుగా చేతికొస్తుంది. కాని ఆ తర్వాత ఏమవుతుంది? ఖాన్ ఆ విషం తయారీ పసిగడతాడు. మూడో అంకంలో అదే విషం దీవి జనం మీదికి వస్తుంది. ఈ ఒక్క మలుపు చాలు, కథకులకు విషయం తెలుసు అనటానికి.

పత్తి పండించే ఇంట్లో పుట్టినవాడికి ఈ మలుపు కల్పనలాగా అనిపించదు. 1980ల్లో పత్తి మీద సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినప్పుడు పురుగు కొట్టగానే రాలిపోయేదని, మందు డబ్బా చూస్తేనే ధైర్యమొచ్చేదని మా తాత చెప్పేవాడు. వాడిందే వాడారు, మళ్లీ మళ్లీ వాడారు. 1987-88 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు ఆ మందుల్ని లెక్కచేయటం మానేసింది. అప్పుల్లో మునిగిన రైతులు కొందరు పురుగుకి కొట్టవలసిన మందు తాము తాగారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పదిహేనేళ్లు తిరిగేసరికి గులాబీరంగు పురుగు దాన్నీ తట్టుకుంది. జంతుశాస్త్రం మేడం దీన్ని వరణం అని చెప్తారు: బెదిరినవి, బలహీనమైనవి చచ్చిపోతాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. విషం విషయంలో గేము ఈ లెక్క తప్పకుండా వేసింది. భయం విషయంలో ఎందుకు వెయ్యలేదు?

అదే నా ప్రశ్న. విషం తిరిగొచ్చింది, సరే. దయ్యం భంగిమ ఎప్పుడూ తిరిగిరాదు. మొదటిసారి వాడినప్పుడు ఎంత పనిచేసిందో ఆఖరి రోజున కూడా అంతే పనిచేస్తుంది. నూరుసార్లు చూసిన మంగోలు సైనికుడు కూడా నూటొకటోసారి అట్లాగే వణుకుతాడు. ఊరివాళ్లు జిన్‌ని చూసి దణ్ణాలు పెడతారే గాని ఒక్క పిల్లవాడు కూడా అమ్మ కొంగు చాటుకి పోడు. దయ్యాన్ని చూసి పిల్లలు కూడా భయపడని ఊరు ఎక్కడుందండీ? షిమురా మాటల్లో దోషం చూపిస్తారు, షోగును ఆజ్ఞలో దోషం చూపిస్తారు, కాని ఆ రెండు పుల్లలూ నొక్కిన వేళ్లకి మాత్రం ఏ లెక్కా చెప్పరు. కథ ఒకటి చెప్తే గుండీ ఇంకొకటి నేర్పుతుంది. మనం ఎక్కువసేపు వినేది గుండీ మాట.

“ఆటలో భయం ఆటలోనే ఉంటుంది గదా, నీకెందుకురా ఇంత బాధ?” అని అడుగుతారు. గేము ఆడినవాడు బయటికొచ్చి తలలు నరుకుతాడని నేను అనటం లేదు. అట్లా అనే పెద్దలతో నాకు పొత్తు లేదు. నేను చెప్పేది ఇంకా చిన్న విషయం. భయపెట్టి పని జరిపించుకోవటం అనేది ఎంత తేలికో, ఎంత హాయిగా ఉంటుందో మనకందరికీ కొంచెం కొంచెం తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగు నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. అయినా హాస్టలు కొత్తగా చేరినవాడు మెట్లమీద సీనియర్లు కనపడితే గోడకి ఎందుకు అతుక్కుపోతాడు? ఎవరూ చెయ్యి చేసుకోనక్కర్లేదు. ఒకణ్ణి నలుగురి ముందు నిలబెడితే చాలు, మిగతా నలభైమంది దారికొస్తారు. ఆ నిలబెట్టేవాడు తెలివిగలవాడు కానక్కర్లేదు, బలవంతుడు కూడా కానక్కర్లేదు. ఎదురుగా ఉన్నవాడిది ఏ ఊరో, వాడికి పాటలొచ్చో లెక్కలొచ్చో చూడక్కర్లేదు. అందరూ ఒకటే, ‘ఫస్టియర్లు’. రెండేళ్ల తర్వాత ఆ వణికినవాళ్లలో కొందరు అదే మెట్లమీద నిలబడతారు. నేర్చుకున్నామని వాళ్లకీ తెలీదు.

గేము తయారుచేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ దీవిని వాళ్లెంత ప్రేమగా గీశారంటే, 2021లో త్సుషిమావాళ్లు గేము దర్శకులిద్దర్నీ తమ పర్యాటక రాయబారులుగా చేసుకున్నారు. అంతకుముందు 2020 సెప్టెంబరు తుఫానులో అక్కడి వతత్సుమి ఆలయ తోరణం ఒకటి కూలిపోతే, దాన్ని మళ్లీ నిలబెట్టటానికి చందా అడిగితే, అడిగినదానికి ఎన్నోరెట్లు వచ్చింది. ఇచ్చినవాళ్లలో ఆ గేము ఆడినవాళ్లు చాలామంది. గేములు మనిషిని రాయి చేస్తాయనే పెద్దలు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

అయితే వాళ్లు ఇంకో దారి తొక్కి ఉండొచ్చు. దయ్యం భంగిమని తీసెయ్యమనటం లేదు నేను. దానికి ఒక ధర పెట్టమంటున్నాను. వాడినకొద్దీ దాని పస తగ్గనివ్వండి. లేదా వాడినకొద్దీ కొత్త మంగోలు దండులు మరింత మొండిగా రానివ్వండి. లేదా, అన్నిటికంటే తేలికది, దాన్ని వాడాక ఆ ఊళ్లో కాసేపు ఎవరూ తలుపు తియ్యకుండా చెయ్యండి. మూడు భంగిమలు నేర్చుకోవటానికి పొదలో కూర్చోబెట్టిన గేముకి ఇది చేతకాని పని కాదు.

2025 అక్టోబరులో దీని తర్వాతి గేము ‘ఘోస్ట్ ఆఫ్ యోతెయి’ వచ్చింది. కథ 1603కి జరిగింది, ఉత్తరాన ఎజో అనే సీమకి వెళ్లింది, కథానాయిక అత్సు అనే స్త్రీ. ప్లేస్టేషన్ 5 మీద వచ్చింది గనక మన హాస్టలు దాకా రావటానికి ఇంకా టైముంది. అందులో భంగిమల పద్ధతి తీసేసి ఆయుధాలు పెట్టారు: జంట కత్తులు, పొడుగు ఓదాచి, ఈటె, గొలుసు కొడవలి. ఎదటివాడి ఆయుధాన్ని బట్టి మన ఆయుధం మార్చాలి. చూడటానికి బాగానే ఉంటుంది గాని నాకు ఒక వెలితి తోస్తుంది. అదే కత్తి, అవే చేతులు, నిలబడే తీరు మాత్రం మారటంలో ఉన్న అందం ఆయుధం మార్చటంలో లేదు. ఒకే పారతో కాలవ తీస్తాడు, గట్టు వేస్తాడు, మడవ కడతాడు మా నాన్న. మూడు పారలు లేవు ఆయన దగ్గర.

చివరిగా ఈ గేము ఆడేవాళ్లకి ఒక సంగతి గుర్తుచేస్తాను. ద్వంద్వయుద్ధాలు వచ్చినప్పుడు, అంటే మైదానంలో ఇద్దరే నిలబడ్డప్పుడు, దయ్యం భంగిమ పనిచెయ్యదు. పొగగుండ్లు, విసురు కత్తులు కూడా చెయ్యవు. భంగిమలు మాత్రమే ఉంటాయి. కథ చివర జిన్ తన మేనమామతో తలపడతాడు, ఎర్రటి ఆకులు రాలుతూంటాయి. చిన్నప్పుడు చెక్క కత్తి చేతికిచ్చి నిలబడటం నేర్పినవాడే ఎదురుగా నిలబడి ఉంటాడు. కత్తివాడు గనక రాతి భంగిమే పట్టాలి, అంటే మొదట నేర్చుకున్నదే. అక్కడ ఆ రెండు పుల్లలూ నొక్కి చూడండి. నేను నొక్కాను. తెర రంగు మారలేదు, షిమురా వెనక్కి పడలేదు. ఒక అడుగు ముందుకే వేశాడు.